శిరస్సును కాచిన శాసనము

రోడ్డుమీద ఒక నిండు ప్రాణము పోయినప్పుడు “అంతయు విధిలిఖితము” అని నిట్టూర్చుట మనకు పరిపాటి. కాని విధి దేశమునుబట్టి, దాని కలిమిలేములనుబట్టి మారునా? 2021లో ప్రపంచమునందు రోడ్డు ప్రమాదములవలన సుమారు 11 లక్షల 90 వేల మంది మరణించిరని ప్రపంచారోగ్య సంస్థ అంచనా. వారిలో నూటికి 92 మంది అల్పాదాయ, మధ్యాదాయ దేశములవారు. లోకములోని వాహనములలో ఆ దేశములందున్నవో, నూటికి 60 మాత్రమే. ఈ వ్యత్యాసము విధి కల్పించినది కాదు. రోడ్డు, వాహనము, చట్టము, మనుష్యుల నడవడి కలిసి కల్పించినది. కనుక దానిని సవరించుటయు మనుష్యుల చేతిలోనే యున్నది. ఇందులకు వియత్నాము దేశము చక్కని నిదర్శనము.

ఆ దేశమున నమోదైన వాహనములలో నూటికి 95 వరకు మోటారు సైకిళ్లే. బజారుకు, బడికి, పనికి కుటుంబమంతయు వానిమీదనే పోవును. కొన్ని రోడ్లపై హెల్మెట్టు, అనగా శిరస్త్రాణము, ధరింపవలెనను నియమము మునుపే యుండెను. కాని జరిమానా స్వల్పము, తనిఖీ అరుదు. ఎవరును లెక్కచేయలేదు.

2007 జూనులో ప్రభుత్వము కొత్త ఉత్తర్వు గావించినది. ఆ సెప్టెంబరులో మొదట ప్రభుత్వోద్యోగులకును, జాతీయ రహదారులపై పోవువారికిని, పిదప డిసెంబరు 15 నుండి దేశములోని రోడ్లన్నిటిపై అందరికిని హెల్మెట్టు తప్పనిసరియైనది. జరిమానా పెక్కు రెట్లు పెరిగినది. పోలీసులు కూడళ్లలో నిలిచి తనిఖీ చేసిరి. అంతకు ముందే నెలల తరబడి ప్రచారము జరిగినది. వేడికి తాళలేమను వారికొరకు, ఉష్ణదేశములకు తగిన తేలిక హెల్మెట్ల తయారీ అప్పటికే ఆరంభమైయుండెను.

ఫలితము వెంటనే కనబడినది. ధరించువారు నూటికి 90కి మించిరి. కొన్ని ఆసుపత్రుల లెక్కలను పరిశీలింపగా, తొలి మూడు నెలలలోనే రోడ్డు ప్రమాద బాధితులలో తల గాయముల ముప్పు నూటికి 16 పాళ్లు, మరణపు ముప్పు 18 పాళ్లు తగ్గినవి. ఒక్కడు ధరించిన వింత, అందరును ధరించిన ఆచారము. జరిమానా బరువుకన్న, పట్టుబడుట తప్పదను నమ్మకమే మనుష్యుని ఎక్కువగా కట్టివేయును.

హెల్మెట్టు చేయు పని యేమి? పైనున్న గట్టి డొప్ప తాకిడిని ఒకచోట గ్రుచ్చుకొననీయక పరచును. లోపలి మందపాటి నురుగుపొర తాను నలిగి, తల ఆగు వేగమును నెమ్మదింపజేయును. మెదడు కపాలమునకు కొట్టుకొను తీవ్రత అంతమేరకు తగ్గును. పట్టీ బిగింపనిచో, తల నేలను తాకకముందే అది ఎగిరిపోవును.

వియత్నాములోను లోపములు లేకపోలేదు. నాసిరకపు టోపీలు బజారులో వెల్లువయైనవి. చిన్న పిల్లలకు హెల్మెట్టు లేకున్నను జరిమానా విధించు వీలు తొలుత లేకపోవుటచే, పెద్దల తలలు కాపాడబడి పసివారివి విడువబడినవి. 2010లో ఆ బాధ్యతను వాహనము నడుపు పెద్దలపై మోపి ప్రభుత్వము ఈ లోపమును దిద్దినది. శాసనము చేయుటతో పని ముగియదు. దాని బొరియలను కనిపెట్టి పూడ్చుచుండవలెను.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము, నడుపువారికే గాక వెనుక కూర్చున్నవారికిని హెల్మెట్టు విధించినది. పట్టీ బిగింపవలెననియు చెప్పినది. ఐనను 2022లో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మందియని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెల్పుచున్నది. అందు 14,337 మంది వెనుక కూర్చున్నవారు. భర్త తలపై హెల్మెట్టు, భార్య తలపై చీర కొంగు, ముందు నిలిచిన బిడ్డ తలపై ఏమియు లేదు: ఇది మన వీధులలో నిత్యము కనబడు దృశ్యము. పోలీసు కూడలిలో మాత్రమే నిలువగలడు. గడపవద్ద నిలిచి అడుగగలవారు ఇంటివారే. బండి కదలకముందు అందరి తలలకును హెల్మెట్టు ఉన్నదా, పట్టీ బిగిసినదా యని చూచుట గృహధర్మములలో ఒకటిగా మనము ఎంచుకొనవలెను.