వంటింటికి వచ్చిన సముద్రం

సముద్రజీవులను పిల్లలకు పరిచయం చేయడానికి వీడియో కన్నా కూరకు తెచ్చిన పండుగప్ప మేలు. కోసే ముందు ఐదు నిమిషాలు దాన్ని వాళ్ల ముందు పెట్టండి. తల పక్కనున్న మూత ఎత్తితే దువ్వెన పళ్లలా ఎర్రటి మొప్పలు కనిపిస్తాయి. ఆ ఎరుపు నెత్తురుది; నీటిలో కరిగిన ఆక్సిజన్ ఆ పల్చటి పొరల గుండానే ఒంట్లోకి చేరుతుంది. వీడియో కూడా ఇది చూపిస్తుంది, నిజమే. కానీ తల నుంచి తోకకు నిమిరితే నున్నగా జారి, ఎదురు నిమిరితే గరుకుగా తగిలే పొలుసును తెర ఇవ్వలేదు. నీటిని చీల్చుకుపోయేలా ఆ ఒళ్లు ఎలా అమరిందో వేలికే తెలుస్తుంది. ముళ్లుంటాయి కనుక పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

చేప ముట్టని ఇళ్ల మాటేమిటి? లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపితే దాదాపు సముద్రపు ఉప్పదనమే. తీరాన దొరికిన ఖాళీ ఆల్చిప్ప మీద నిమ్మరసం పిండితే బుడగలొస్తాయి. పులుపుకు కరుగుతున్నది కాల్షియం కార్బొనేట్. పగడాలూ దానితోనే గూళ్లు కట్టుకుంటాయి. ఇక్కడి నుంచి మాట సముద్రం పులుపెక్కడం దాకా వెళ్తే, ఇంత చిన్నవాళ్లకు వాతావరణ మార్పు ఎందుకనేవారున్నారు. ఆ మాట ఎత్తనక్కర్లేదు. సముద్రం నిమ్మరసమంత పులుపెక్కదని ముందే చెప్పాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసేకొద్దీ ఆ నీటిలో గుల్ల కట్టుకోవడం జీవులకు కష్టమవుతోందని మాత్రం, బుడగలు చూసిన పిల్లకు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.