కంపైలరు తప్పు చేసినచో కెర్నెలు గతి ఏమి?

మా కళాశాలలో సి భాషా ప్రయోగము జరుగు రోజున ఒక ఫిర్యాదు తప్పక వినబడును. "మాస్టారూ, నా ప్రోగ్రాము సరిగ్గానే ఉందండీ, కంపైలరే తప్పు చేస్తోంది" అని ఎవరో ఒకరు లేచి నిలుచుందురు. నేను వెళ్లి చూతును. సమాన చిహ్నము రెండు మారులు పెట్టవలసిన చోట ఒక్కమారే పెట్టి యుందురు, లేదా పట్టికకు కేటాయించిన హద్దు దాటి వ్రాసి యుందురు. ఇన్నేళ్లలో కంపైలరే దోషి అని తేలిన సందర్భము మా గదిలో ఒక్కటియు లేదు. అయినను ఆ విద్యార్థుల మాట అసంభవమేమీ కాదు. కంపైలరు కూడ మనుష్యులు వ్రాసిన ప్రోగ్రామే గదా!

మనము సి భాషలో వ్రాసిన దానిని యంత్రమునకు తెలియు ఆజ్ఞలుగా మార్చుట కంపైలరు పని. అది మాటకు మాట మార్చి ఊరకుండదు. వేగము కొరకు ఆజ్ఞల వరుసను మార్చును. అనవసరమని తోచిన వాటిని తీసివేయును. ఇంత స్వాతంత్ర్యమునకు ఒక్కటే షరతు: ప్రోగ్రాము ఫలితము మారరాదు. ఆ షరతు ఎక్కడైన తప్పినచో, మూలములో ఒక్క అక్షరమైనను తప్పు లేకున్నను, తయారైన యంత్రాజ్ఞలు తప్పు పని చేయును.

ఇట్టి తప్పు వలన ఎక్కువ ప్రమాదము కలుగునది ఆపరేటింగు సిస్టమునకు గుండెకాయ యగు కెర్నెలుకు. జ్ఞాపకశాలను పంచునది, డిస్కుపై వ్రాయునది, ఏ ప్రోగ్రాము ఎంతసేపు నడువవలెనో నిర్ణయించునది కెర్నెలే. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు కెర్నెలు నేడు మన ఆండ్రాయిడు ఫోనులలోను ఉన్నది. దానిని చిరకాలముగ తయారు చేయుచు వచ్చిన కంపైలరు జీసీసీ. రిచర్డ్ స్టాల్మన్ దాని తొలి ప్రతిని 1987లో వెలువరించెను. ఈ రెండింటి నడుమ జరిగిన కొన్ని తగాదాలను తెలిసికొందము.

కంపైలరు తప్పులు రెండు తీరులు. పని మధ్యలో కంపైలరే కూలిపోయి కెర్నెలు తయారు కాకుండుట ఒక తీరు. ఇది మంచి తప్పు అందును. ఏలనన వెంటనే కనబడును. రెండవ తీరు టెంకపురుగు వంటిది. మా ఉంగుటూరు, నూజివీడు ప్రాంతముల తోటల వారికి దీని సంగతి చెప్పనక్కరలేదు. కాయ లేతగా ఉన్నప్పుడే పురుగు గుడ్డు పెట్టును, ఆ గంటు మానిపోవును, కాయ నిగనిగలాడుచు పెరుగును. కోసి టెంక పగులగొట్టిన తరువాత గాని లోపలి సంగతి బయటపడదు. ఈ రెండవ తీరు తప్పులో కెర్నెలు చక్కగా తయారగును, యంత్రము చక్కగా మొదలగును, ఎన్నడో ఒకనాడు కారణము లేకుండ పడిపోవును.

ఇది ఎట్లు జరుగునో గ్రహించుటకు స్టాక్ అనగా నేమో తెలియవలెను. నున్న మామిడి మార్కెట్టు వంటి ఒక యార్డును ఊహించుకొనుడు. ఒక రైతు తన గంపలు పెట్టుకొని, వాటి చివర నేలపై సుద్దగీత గీసినాడు. గీతకు ఇవతలిది అతని జాగా. అవతల ఖాళీ నేల. ఏ క్షణమున ఏ లారీ వచ్చినను అక్కడ నిలుపవచ్చును. కెర్నెలులోని ప్రతి ఫంక్షను తన తాత్కాలిక విలువలను జ్ఞాపకశాలలో ఇట్లే ఉంచుకొనును. ఆ స్థలము స్టాక్. సుద్దగీత స్టాక్ పాయింటరు. లారీ ఏదన, ఇంటరప్టు. మీట నొక్కినను, డిస్కు నుండి సమాచారము వచ్చినను, గడియారము టిక్కుమన్నను ప్రాసెసరు చేయుచున్న పని ఆపి, గీత అవతలి స్థలమును తన అవసరమునకు వాడుకొని, మరల పాత పనికి వచ్చును. సాధారణ ప్రోగ్రాములకు గీత దాటి 128 బైట్ల జాగా వాడుకొను హక్కు ఎక్స్86-64 ప్రాసెసర్ల నియమములలో కలదు. కెర్నెలుకు ఆ హక్కు లేదు, ఇంటరప్టు దిగునది అదే స్టాక్‌పై కనుక. కావున గంప పెట్టుటకు ముందు గీతను జరుపవలెను. గీతను వెనుకకు తెచ్చుటకు ముందు గంప తీసికొనవలెను. ఈ క్రమము తప్పరాదు.

2014 జూలైలో జీసీసీ 4.9.0 ఈ క్రమమునే తప్పినది. పనిభారమును ప్రాసెసర్ల మధ్య సర్దు లోడ్-బ్యాలెన్స్ అను ఫంక్షనులో, గీతను జరుపకముందే గీత అవతల ఒక విలువను వ్రాసినది. ఆ రెండు ఆజ్ఞల నడుమ ఇంటరప్టు రాకున్నచో ఏమియు కాదు. వచ్చినచో ఆ విలువ నశించి కెర్నెలు కూలును. మిషెల్ డెన్జర్ తన యంత్రము పడిపోవుచున్నదని తెలుపగా, టోర్వాల్డ్స్ స్వయముగ యంత్రాజ్ఞలను చదివి దోషమును పట్టెను. కంపైలరును కటువైన మాటలతో నిందించెను కూడ. వింతయేమనగా, దోష పరిశోధనకు తోడ్పడు సమాచారమును కంపైలరు లెక్కకట్టు విధానమే దీనికి మూలము. ఆ సమాచారము ఆజ్ఞలను ఎన్నడును మార్చరాదు. ఇక్కడ మార్చినది. అందుచేత కెర్నెలు తయారీ సూత్రములలో ఒక్క పంక్తి చేర్చిరి: చలరాశుల జాడ తీయు ఆ పనిని కంపైలరు మానవలెనని. పరిశోధన సమాచారము కొంత తగ్గును. కెర్నెలు నిలుచును.

రెండవ కథ మొదటి దానికి అద్దములోని ప్రతిబింబము. ఆర్మ్ 64-బిట్ యంత్రములపై రస్సెల్ కింగ్ అను కెర్నెలు నిపుణునికి ఒక తెగులు ఎదురయినది. ఎక్స్ట్4 ఫైలు వ్యవస్థ, చెక్సమ్ సరిపోలలేదని అరుదుగా ఫిర్యాదు చేయుచుండెను. చెక్సమ్ అనగా, సమాచారము చెడలేదని సరిచూచుటకు దానినుండి లెక్కించిన అంకె. డిస్కు చెడినదా? జ్ఞాపకశాల చెడినదా? ప్రాసెసరా? ఎవరైనను ముందు వీటినే అనుమానింతురు. 2021 జనవరిలో అసలు దోషి దొరికినది, జీసీసీ 4.9. ఫంక్షను చివర స్టాక్ గీతను వెనుకకు తెచ్చి, ఆ తరువాత అవతల మిగిలిన విలువను చదువుచుండెను. నడుమ లారీ వచ్చినచో గంప నలిగినట్లే. తన ఇంటి సమాచారము పాడగుచున్నదేమో అని యంత్రము చెప్పుచుండగా కారణము తెలియకుండుట ఎంత మనోవేదనయో ఊహించుకొనవచ్చును.

ఇందు గమనింపదగినది ఒకటున్నది. ఆ తప్పును 2015లో వెలువడిన జీసీసీ 5.1లోనే దిద్దియుండిరి. ఆరేండ్ల తరువాతను పాత కంపైలరు వాడుకలో ఉన్నందున అది కరచుచునే ఉన్నది. "కంపైలరును బాగుచేసిన సరిపోవును గదా" అను ప్రశ్నకు ఇదే సమాధానము. బాగుచేసినది అందరి యంత్రములకును చేరుటకు ఏండ్లు పట్టును. అంతవరకు కెర్నెలు వ్రాయువారే జాగ్రత్త పడవలెను. ఈసారి వారు చుట్టుదారి వెదకలేదు. ఆర్మ్ 64-బిట్ కెర్నెలుకు 5.1 కంటె పాత జీసీసీ పనికిరాదని నిర్ణయించిరి. 32-బిట్ ఆర్మ్‌లో ఇట్టి నిషేధము అంతకు ముందే ఉండెను. జీసీసీ 4.8.0 మొదలు 4.8.2 వరకు ఏ ప్రతితో ప్రయత్నించినను, నీ కంపైలరు మితిమీరిన దోషములు గలది అని తెలిపి తయారీ అక్కడనే ఆగిపోవుచుండెను. టెంకపురుగు తప్పును కనబడు తప్పుగా మార్చుట అన్నమాట.

దోషిని పట్టుట ఎట్లు? లెక్కల ఉపాధ్యాయులకు నచ్చు పద్ధతి ఒకటి కలదు. కొత్త కంపైలరుతో కెర్నెలు చెడుచు, పాత దానితో బాగుగా నడుచుచున్నదనుకొందము. 4096 ఫైళ్లలో సగము పాతదానితో, సగము కొత్తదానితో తయారుచేసి నడిపి చూడవలెను. చెడినచో దోషము కొత్తదానితో చేసిన సగములో ఉన్నది. లేకున్న రెండవ సగములో. ప్రతిమారు సగమునకు తగ్గించినచో పండ్రెండు ప్రయత్నములలో ఒక్క ఫైలు మిగులును. ఆపై ఆ ఫైలు యంత్రాజ్ఞలను కంటితో చదువవలసినదే. అరుదుగా కనబడు తప్పులో మాత్రము ఈ లెక్క అంత సులువుగా సాగదు. చెడలేదా, చెడుటకు ఇంకను సమయము రాలేదా అన్నది తెలియదు గదా.

చుట్టుదారి వేసినంత సులువుగా దానిని తీసివేయ వీలుకాదు. 2013 అక్టోబరులో జీసీసీ మరియొక తప్పు బయటపడెను. సి భాష నడుమ యంత్రాజ్ఞను పొదిగి, అందుండి మరియొక చోటికి దూకు "ఆస్మ్ గోటో" అను నిర్మాణమును అది తప్పుగా అనువదించుచుండెను. దాని వెనువెంట ఏ పనియు చేయని ఖాళీ ఆజ్ఞ నొకదానిని ఉంచినచో కంపైలరు దారిలోనికి వచ్చుచుండెను. ఇంగో మోల్నార్ ఈ చిట్కాను ఒక ప్రత్యేకమైన పేరుతో కెర్నెలులో చేర్చెను, ఏ దోషమునకై చేర్చినదో పక్కనే వ్రాసి. ఏండ్లు గడచినవి. ఆ దోషమున్న కంపైలర్లతో కెర్నెలును తయారుచేయుటయే ఆగిపోగా, చిట్కాను తీసివేసి పేరును మాత్రము ఉంచిరి. 2024 ఫిబ్రవరిలో షాన్ క్రిస్టఫర్సన్ అను ఇంజనీరు అటువంటిదే కొత్త తప్పును తెలిపెను. ఫలితముగ విలువలను కూడ ఇచ్చు ఆస్మ్ గోటోలకు మాత్రమే అది పరిమితము. మందు మాత్రము పాతదే, ఆ ఖాళీ ఆజ్ఞయే. టోర్వాల్డ్స్ దానిని కొత్త పేరుతో, అవసరమైన చోట్లకే పరిమితముచేసి మరల కెర్నెలులోనికి తెచ్చెను.