మీ యాక్యురసీ.. ఎన్ని తూటాలది?

ఫైనలియర్‌లో నా రెజ్యూమెలో ఒక లైన్ ఉండేది. ‘97 శాతం యాక్యురసీతో ఆకు తెగుళ్లను గుర్తించే మోడల్’. క్యాంపస్ ఇంటర్వ్యూలో ప్యానల్‌లో ఉన్న పెద్దాయన అది చదివి ఒక్కటే అడిగారు. ‘‘ఎన్నిసార్లు రన్ చేశావు బాబూ?’’ ‘‘ఒక్కసారే సార్’’ అన్నా. అదీ నిజం కాదు. చాలాసార్లు చేసి, బాగా వచ్చినదాన్ని రాసుకున్నా. ఆయన చిన్నగా నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ ఉద్యోగం రాలేదు. ఆయన ఏం అడిగారో నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం నాలుగేళ్ల తర్వాత, టెక్సస్‌లో ఒక షూటింగ్ రేంజ్‌లో.

ఆఫీసు పనిమీద కొన్ని నెలలు అక్కడున్నా. మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఏటా కొలరాడో వెళ్లి ఎల్క్‌లను వేటాడతాడు. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద జింక. అక్కడ లైసెన్సుతో, సీజన్‌లో మాత్రమే ఆ వేటకు అనుమతి ఉంటుంది. సీజన్‌కు ముందు రైఫిల్ సరిచూసుకోవడానికి వెళ్తూ ‘నువ్వూ రా’ అన్నాడు. వెళ్లా. కానీ ట్రిగ్గర్ ముట్టుకోలేదు.

ఎందుకో చెప్తా, మీలో చాలామంది ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లే కాబట్టి ఇది గుర్తుంచుకోండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం స్టూడెంట్, వర్క్ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవాళ్లు తుపాకీగానీ, తూటాగానీ దగ్గర ఉంచుకోకూడదు. సరైన హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఉన్నట్టు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో తెలియకుండా ‘ఫ్రెండ్ తీసుకెళ్లాడు, ఇన్‌స్టాలో ఫొటో పెట్టా’ అంటే అది సరదాతో ఆగదు. నేను లాప్‌టాప్, చెవులకు మఫ్స్ పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నా. ఆయన కాల్చాలి, నేను రాయాలి. అదీ ఒప్పందం.

ఇంటర్ లెక్క ఎక్కడ తప్పింది?

ఆయనది .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. 1963లో వచ్చిన తూటా. మాగ్నమ్ అనే మాట వైన్ సీసాల నుంచి వచ్చింది. లీటరున్నర పట్టే పెద్ద సీసాను అలా అంటారు. ఇక్కడా అంతే. మామూలు .308 రైఫిల్‌లోనూ, దీనిలోనూ బుల్లెట్ వ్యాసం ఒకటే. దీని తూటాలో మందు ఎక్కువ పడుతుంది. ఆ మందుకు ధర చెల్లించేది భుజం.

ఇంటర్ ఫిజిక్స్‌లో తుపాకీ రీకాయిల్ లెక్క మీరు చేసే ఉంటారు. చేద్దాం. బుల్లెట్ బరువు 11.7 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు. ద్రవ్యవేగం 10.5. స్కోప్‌తో కలిపి రైఫిల్ 3.8 కిలోలు. భాగిస్తే వెనక్కి తన్నే వేగం సెకనుకు దాదాపు 2.8 మీటర్లు. ఈఏపీసెట్‌లో ఇదే టిక్ పెట్టి మార్కు తెచ్చుకుంటాం.

రేంజ్‌లో ఈ జవాబు తప్పు. మందు కూడా బరువే కదా! సుమారు 4.7 గ్రాముల మందు వాయువుగా మారి, బుల్లెట్ కంటే వేగంగా మూతి నుంచి బయటికి దూకుతుంది. దాని వేగం 1,200 మీటర్లు అనుకున్నా మరో 5.6 కలుస్తుంది. మొత్తం 16. అప్పుడు రైఫిల్ వేగం 4.2 మీటర్లు, శక్తి సుమారు 34 జౌళ్లు. అంటే పుస్తకం లెక్కకు రెట్టింపు కంటే ఎక్కువ. అదే బరువున్న .308 రైఫిల్ అయితే 18, 19 జౌళ్లతో సరిపోతుంది.

మూతికి బిగించే ‘మజిల్ బ్రేక్’ ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అది బుల్లెట్‌ను ఏమీ చేయలేదు. ఆ వాయువును పక్కలకు మళ్లిస్తుంది. పుస్తకం వదిలేసిన భాగం మీదే అది బతుకుతోందన్నమాట. పక్క బెంచీలో ఉన్నవాడి చెవులు మాత్రం దానికి బలి. రైఫిల్ శబ్దం మామూలుగానే 160 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటిన శబ్దం ఒక్కసారి విన్నా వినికిడికి ముప్పే.

ఒక ఇంటర్వ్యూ ట్రాప్ కూడా చెప్పి ముందుకెళ్తా. ‘బుల్లెట్‌కు, రైఫిల్‌కు ద్రవ్యవేగం దాదాపు సమానమైతే బుల్లెట్ తగిలినవాడికీ, కాల్చినవాడికీ దెబ్బ ఒకటే కదా?’ కాదు. బుల్లెట్ శక్తి 4,700 జౌళ్లు. రైఫిల్‌ది 34. శక్తిలో వేగం వర్గమవుతుంది మరి.

ఆ 34 కూడా తక్కువేం కాదు. మా సీనియర్ కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో పాత మచ్చ ఉంది. కన్ను స్కోప్‌కు మరీ దగ్గరగా పెట్టి కాల్చిన రోజుది. కంటికీ, స్కోప్‌కూ మధ్య తొమ్మిది పది సెంటీమీటర్లు వదలాలి. బెంచీ దగ్గర కూర్చుని కాలిస్తే ఇంకా కష్టం. నిలబడితే ఒళ్లు వెనక్కి ఊగి కొంత దెబ్బ మింగేస్తుంది. కూర్చుంటే ఆ వీలు ఉండదు, అంతా భుజానికే.

తప్పు గొట్టానిదా? మనిషిదా?

ఆయన పర్సులో మడిచిన కాగితం ముక్క ఒకటుంది. మూడు రంధ్రాలు, దాదాపు ఒకదాని పక్కన ఒకటి. వంద గజాల నుంచి కాల్చిన గ్రూప్. దూరంగా ఉన్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య 1.8 సెంటీమీటర్లు. ‘నా రైఫిల్ ఇంత కొడుతుంది’ అని అందరికీ చూపిస్తాడు. నాకు నా 97 శాతం గుర్తొచ్చింది. ‘‘ఇలాంటివి ఎన్ని కాల్చారు?’’ అన్నా. చాలా కాల్చాడట. ఇది బాగా వచ్చిందట!

పది కాల్చమన్నా. మొహం చిట్లించాడు. దాని తూటా ఒక్కోటి రెండు మూడు డాలర్లు, పైగా భుజం నొప్పి. అందరూ మూడుతో ఎందుకు ఆపేస్తారో అక్కడే తెలిసిపోయింది. శాస్త్రం చెప్పిందని కాదు, జేబూ భుజమూ చెప్పాయని.

పది కాల్చాడు. గ్రూప్ 6 సెంటీమీటర్లు. మొదటి మూడు బాగానే ఉన్నాయి. ఐదో దాని నుంచి కిందికి జారాయి. ‘‘గొట్టం వేడెక్కింది’’ అన్నాడు. వాదనలో న్యాయం ఉంది. వేట రైఫిల్ గొట్టం సన్నగా ఉంటుంది, వేడికి కొంచెం వంగినా గుండు పడే చోటు మారుతుంది. కానీ ఐదో తూటా నాటికి గొట్టమే కాదు, మనిషీ అలిసిపోయాడు. రెండూ కలిసే పెరుగుతున్నాయి. ఏది కారణమో ఆ పది రంధ్రాలు చెప్పలేవు. డేటా సైన్స్ వాళ్లు దీన్నే కన్‌ఫౌండింగ్ అంటారు.

విడదీయాలంటే ఒకదాన్ని కదలకుండా ఆపాలి. ఒక్కో తూటాకూ మధ్య పది నిమిషాలు ఆగి, గొట్టం చల్లబడ్డాకే ఐదు కాల్చాడు. చివరి రెండూ మళ్లీ కిందే. అంటే వేడి ఒక్కటే కాదు.

అప్పుడు రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ ఒక పాత కిటుకు చెప్పాడు. మిగిలిన ఐదు తూటాల మధ్య మందులేని డమ్మీలు కలిపి, ఏది ఎప్పుడొస్తుందో ఆయనకు తెలియకుండా తనే ఒక్కోటి పెట్టాడు. రెండోసారే డమ్మీ వచ్చింది. ‘టిక్’ అంది, పేలలేదు. కానీ రైఫిల్ మూతి కిందికి దిగింది. కళ్లు గట్టిగా మూసుకున్నాయి. భుజం ముందుకు తోసింది. రాని దెబ్బకు ఒళ్లు ముందే సిద్ధపడిపోయింది. దాన్ని ఫ్లించ్ అంటారు. మామూలుగా పేలినప్పుడు రైఫిల్ ఎగిరిపడుతుంది కాబట్టి ఇది ఎవరికీ కనపడదు, కాల్చేవాడికి అసలే కనపడదు. ఇరవై ఏళ్లుగా వేటాడుతున్న మనిషి. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకో సంగతి. బుల్లెట్ గొట్టం దాటేలోపే రైఫిల్ రెండు మిల్లీమీటర్ల దాకా వెనక్కి జరిగి ఉంటుంది. అంటే పట్టు, భుజానికి ఆనించడం, చెంప పెట్టడం ప్రతిసారీ ఒకేలా లేకపోతే, భయం లేకపోయినా గుండు చోటు మారుతుంది.

పదిహేను లైన్ల పైథాన్

ఆ రాత్రి గదిలో చేసిన పని మీరూ ఇప్పుడే చేయొచ్చు. నంపై తెరవండి. ఎక్స్, వై రెండిటికీ సిగ్మా 1తో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ నుంచి మూడు బిందువులు తీసుకోండి. వాటిలో దూరంగా ఉన్న రెండిటి మధ్య దూరం కొలవండి. పదివేలసార్లు చేసి సగటు తీయండి. సుమారు 2.4 వస్తుంది. ఐదు బిందువులతో 3.1. పదితో 3.8. రైఫిల్ అదే, మనిషి అదే, తూటాలు పెరిగినకొద్దీ గ్రూప్ పెద్దదవుతుంది. ఇంకా ఆసక్తికరం ఏంటంటే, మూడు బిందువుల ఫలితాలకు హిస్టోగ్రామ్ గీయండి. 1 దగ్గర కొన్ని ఉంటాయి, 4 దగ్గర కొన్ని ఉంటాయి. ఆ 1 వచ్చిన రోజు కాగితమే పర్సులోకి వెళ్తుంది.

మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో క్వాలిఫికేషన్‌కు 60 షాట్లు కాల్చాలి. అక్కడ పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. రీకాయిల్ దాదాపు లేనట్టే. అయినా అరవై. మూడు కాల్చి మెడల్ ఇవ్వరు.

నేను ఆ తర్వాత రెజ్యూమె మార్చా. ‘ఐదు ఫోల్డ్‌లలో సగటు 91 శాతం, తేడా ప్లస్ ఆర్ మైనస్ 3’. అంకె తగ్గింది. తర్వాతి ఇంటర్వ్యూలో అరగంట ఆ ఒక్క లైన్ మీదే నడిచింది. ‘ఆ మూడు ఎందుకొచ్చింది, ఏ క్లాసులో ఎక్కువ తప్పుతోంది, ఫొటోలు ఒకే తోటలో తీశావా’ అని. చెప్పగలిగా, ఎందుకంటే ఈసారి అన్ని రన్‌లూ దాచిపెట్టుకున్నా. ఇప్పుడు చేస్తున్నది ఆ ఉద్యోగమే.

మా సీనియర్ సంగతి చెప్పలేదు కదూ. వంద గజాలకు 6 సెంటీమీటర్లంటే నాలుగు వందల గజాలకు 24. ఇది బెంచీ మీద, గాలి లేనప్పుడు. ఎల్క్‌కు గురి పెట్టాల్సింది గుండె, ఊపిరితిత్తుల భాగానికే. గురి తప్పితే జంతువు గాయంతో అడవిలోకి పరిగెత్తి ఎక్కడో చస్తుంది. ఆయనకు భయం అదే. ఆ ఏడాది 250 గజాలు దాటి కాల్చనని చెప్పి, మాగ్నమ్ ఇంట్లో పెట్టి, పాత .308 పట్టుకెళ్లాడు. అంతకుముందు వారం దాంతో పది కాల్చి, టార్గెట్ ఫొటో నాకు పంపాడు. నాలుగు సెంటీమీటర్లు.

పర్సులో పాత కాగితం మాత్రం తీయలేదు.