ఆలివ్ నూనె ఏ ప్రాంతానిదో పట్టి చెప్పే రసాయన పరీక్ష

ఆలివ్ నూనె చూపుకు ఎక్కడిదైనా ఒక్కలాగే ఉంటుంది గానీ, దాని రసాయన కూర్పు మాత్రం పండిన చోటును బట్టి మారుతుంది. చెట్టు రకం, ఎండ, వాన, నేల, కాయ కోసిన అదను, ఇవన్నీ నూనెలోని పదార్థాల పాళ్లను కొద్దికొద్దిగా మారుస్తాయి. ఆ తేడాలను కొలిచి నూనె ఏ ప్రాంతానిదో తేల్చే పని ఐరోపాలో కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. అక్కడ పేరున్న ప్రాంతపు నూనెకు ధర ఎక్కువ. 1992లో వచ్చిన చట్టంతో ప్రాంతీయ పేర్లకు రక్షణ దొరికింది. మేలురకం నూనె సీసాలపై అది ఎక్కడిదో రాయడం 2009 నుంచి తప్పనిసరి అయింది. చౌక నూనెను పేరున్న ఊరి సీసాలో పోసి అమ్మితే కొన్నవారు మోసపోతారు. ఏడాదంతా తోటను కాచుకున్న రైతుకు జరిగే అన్యాయం అంతకంటే పెద్దది.

పరీక్షలో ముందుగా చూసేది కొవ్వు ఆమ్లాలను. ఆలివ్ నూనెలో ఓలియిక్ ఆమ్లం సాధారణంగా 55 నుంచి 83 శాతం ఉంటుంది. మిగతాది పామిటిక్, లినోలియిక్ వంటివి. నూనెను మిథనాల్‌తో చర్య జరిపి, తేలిగ్గా ఆవిరయ్యే రూపంలోకి మార్చి, గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలోని సన్నని పొడవాటి గొట్టం గుండా పంపుతారు. ఒక్కో ఆమ్లం ఒక్కో సమయంలో బయటికి వస్తుంది కాబట్టి దేని వాటా ఎంతో విడివిడిగా తెలుస్తుంది.

ఈ పద్ధతి సత్తా తెలియాలంటే ఇటలీలో ఫోరినా, ఆర్మనినో బృందం చేసిన పనిని చూడాలి. 1983లో వెలువడిన ఆ అధ్యయనంలో తొమ్మిది ప్రాంతాలకు చెందిన 572 నూనె నమూనాల్లో ఎనిమిది కొవ్వు ఆమ్లాలను కొలిచారు. పూలియా, కలాబ్రియా, సిసిలీ వంటి దక్షిణ ప్రాంతాలను మిగతా ఇటలీ నుంచి విడదీసింది ఐకోసినోయిక్ ఆమ్లం. దక్షిణాది నూనెల్లో కూడా అది సాధారణంగా అర శాతం కంటే తక్కువే. ఉత్తరాన, సార్డీనియా దీవిలో అయితే దాదాపు లేనట్టే. ఆ రెండింటిలో లినోలియిక్ ఆమ్లం సుమారు పదిన్నర శాతం దాటితే సార్డీనియాది, తగ్గితే ఉత్తరాదిది. అంత స్వల్పమైన పదార్థం ఒక దేశపు నూనెలను అంత స్పష్టంగా విడదీయడం నిజంగా అబ్బురమే. అయితే దక్షిణంలోని ప్రాంతాలను ఒకదాన్నుంచి మరొకటి వేరుచేయడం ఇంత సులువు కాలేదు. ముఖ్యంగా సిసిలీ నమూనాలు పొరుగువాటితో కలిసిపోయాయి.

ఈ తేడాల్లో వేడి పాత్ర పెద్దది. కాయలో నూనె పట్టే రోజుల్లో వేడి ఎక్కువైతే ఆలివ్‌లో ఓలియిక్ ఆమ్లం తగ్గుతుంది. పొద్దుతిరుగుడులో దీనికి తలకిందులు, వేడికి అదే ఆమ్లం పెరుగుతుంది. కాబట్టి ఒక పంటకు తయారైన కొలమానం మరో పంటకు పనికిరాదు.

కొవ్వు ఆమ్లాలతో తేలనప్పుడు ఐసోటోపులను, అంటే ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాలను, చూస్తారు. సముద్రం మీది నుంచి వచ్చే మేఘాలు బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్న నీటిని ముందుగా కురిపిస్తాయి. లోపలికి, ఎత్తుకు వెళ్లేకొద్దీ వాననీటిలో వాటి వాటా తగ్గుతుంది. చెట్టు తాగిన ఆ నీటి గుర్తు నూనెలోనూ మిగులుతుంది. స్ట్రాన్షియం ఐసోటోపుల నిష్పత్తి అడుగునున్న రాతి స్వభావాన్ని చెబుతుంది. కానీ నూనెలో ఆ లోహం అతి స్వల్పం కావడంతో కొలవడం కష్టం.

ఏ పరీక్షకైనా ఆధారం పోల్చి చూసుకునే నమూనాల సంపుటి. కచ్చితంగా ఫలానా తోటదే అని తెలిసిన నూనెలను ఏటేటా సేకరించి కొలిస్తే తప్ప కొత్త సీసాపై తీర్పు చెప్పలేరు. ఎందుకంటే ఒకే తోట నూనె కూడా వాతావరణాన్ని బట్టి ఏడాదికో తీరుగా ఉంటుంది. ఒకచోటి చెట్టు రకాన్ని మరోచోట నాటినా, రెండు మూడు ప్రాంతాల నూనెలు కలిపినా గుర్తులు చెదిరిపోతాయి. అందుకే ప్రయోగశాల ఊరి పేరు తానుగా చెప్పదు. సీసాపై రాసిన చోటుకు ఈ కొలతలు సరిపోతాయా, సరిపోతే ఎంత నమ్మకంగా అన్నదే చెబుతుంది. సరిపోకపోతే అధికారులు కొనుగోలు పత్రాలు, నూనె మిల్లు లెక్కలు తీయించి చూస్తారు.