పెంకులోపలి ఇల్లు

కెనడా దేశమున మానిటోబా రాష్ట్రమునందు వేసవి మిక్కిలి కురుచ. సంవత్సరమున ఇంచుమించు సగభాగము మంచుక్రింద గడపిన జనులు, జూను మాసము రాగానే పట్టణములను విడిచి సరస్సుల గట్లకును అడవులలోని విడుదులకును ప్రయాణము కట్టుట అచట బాగుగా స్థిరపడిన అలవాటు. అట్టి ప్రయాణములలో కారు వెనుక కొక్కెమునకు తగిలించుకొని పోవు బండ్లలో, పెద్ద కోడిగ్రుడ్డును అడ్డముగా పరుండబెట్టి చక్రములు బిగించినట్లు, ఎక్కడను మూల యన్నది లేక, నున్నగా గుండ్రముగా నుండు చిన్న ట్రైలర్ ఒకటి ఇప్పటికిని కనబడుచుండును. దాని పేరు బోలర్. అది 1968లో విన్నిపెగ్ నగరమున పుట్టినది. 1988 నాటికి దాని నిర్మాణము నిలిచిపోయినది. అయినను దానిని వెదకి కొనువారును, పాతబడిన దాని లోపలి భాగమును విప్పి మరల కట్టుకొనువారును నేటికిని తగ్గలేదు. 2018లో దాని యేబదవ పుట్టినరోజునకు అవే బండ్లు వందలకొలది విన్నిపెగ్‌లో గుమిగూడినవి.

దీని పుట్టుక విచిత్రమైనది. దీనిని కల్పించిన రే ఒలెకో అంతకుముందు ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంకును రూపొందించినవాడు. ఆ పదార్థపు తేలికదనము, నీటికి లొంగని గుణము అతనికి చేతనున్న విద్య. చిన్నకారు సైతము లాగగల బండిని ఆ పదార్థముతోనే ఏల చేయరాదను ఊహ కలుగగా, సాండర్ డుస్సా అను సహచరునితో కలిసి పనికి పూనుకొనెను. గుండ్రని బౌలర్ టోపీని పోలియుండుటచే ఆ పేరు వచ్చినది. సెప్టిక్ ట్యాంకు దీనికి అన్నగారని చెప్పిన నేటి యజమానులలో కొందరు నొచ్చుకొందురేమో గాని, వంశము దాచిన దాగునది కాదు.

దీనిని చేయు విధము సులభముగా బోధపడును. అచ్చు లోపలి ముఖమునకు మొదట జెల్‌కోటు అను రంగుపూత చల్లి, దానిమీద గాజుపీచును పాలియెస్టర్ రెసిన్‌తో తడిపి పొరలుగా పట్టించి, గట్టిపడిన పిమ్మట అచ్చునుండి ఊడదీసిన అర్ధభాగ మొకటి సిద్ధమగును. పై అర్ధమును క్రింది అర్ధమును నడుమునొద్ద కలిపి అతికిన పెంకు పూర్తియగును. కప్పునకు అతుకు లేదు, మూలలకు కీలు లేదు. కావున వాననీరు చొచ్చుటకు కిటికీలు, కప్పుమీది గాలితూము, రివెట్ల రంధ్రములు, ఆ నడుము అతుకు తప్ప వేఱు త్రోవలు లేవు. అదే కాలపు అల్యూమినియపు రేకు ట్రైలర్లు లోపలి కొయ్యచట్రము కుళ్లి పెక్కు కూలిపోగా, ఇవి నిలిచియుండుటకు ముఖ్యకారణ మిదియే. ఆంధ్రతీరమున మత్స్యకారుల ఫైబర్ బోట్లను చూచినవారికి ఈ పని క్రొత్త కాదు. కాకినాడలోనైనను నిజాంపట్నములోనైనను, ఇసుకలో బోర్లించిన పడవకు మ్యాటు, రెసిను, హార్డెనరు పట్టించు పనివాడు ఈ బండి గోడను వ్రేలితో తట్టి చూచి దాని మంచిచెడ్డలు చెప్పగలడు.

బోలర్ చూపిన త్రోవనే మిన్నెసోటాలో స్కాంప్, ఒంటారియోలో ట్రిల్లియం, పిదప టెక్సస్‌లో కసీటా అను ఇట్టి పెంకు ట్రైలర్లు వచ్చినవి. స్కాంప్ నేటికిని తయారగుచున్నది. పదమూడడుగుల బోలర్‌లో, ముందరి లాగుడు కమ్మిని మినహాయించిన, నివసించుటకు దక్కునది పదడుగుల గది. దాని బరువు నాడు వెయ్యి పౌనులకు, అనగా సుమారు 450 కిలోలకు, లోపలనే యుండెను. ముందువైపున ఒక పడక, వెనుకవైపున పగలు భోజనపు బల్లగా నుండి రాత్రి మంచముగా మారు ఏర్పాటు, నడుమ ఒకప్రక్క వాకిలియు దాని చేరువ బట్టల అలమరయు, ఎదుట పొయ్యి, నీటితొట్టి, మంచుగడ్డ నుంచు పెట్టె: ఇదియే సంసారము.

అలమరయే స్తంభము

ఇంటికి మరమ్మతు చేయించువాడు మొదట సామానంతయు వీథిలో పెట్టి, వట్టి గోడలను మిగుల్చుకొని పని మొదలిడును. ఈ బండి విషయమున ఆ క్రమము చెల్లదు. ఫైబర్‌గ్లాస్ పెంకు పలుచనిది, వంగునది. దానికి నిలువు నిచ్చునవి లోపలి అలమరలును గూళ్లును, అందు ముఖ్యముగా నేలనుండి కప్పుదాక నిలిచిన బట్టల అలమరయును. చూచుటకు చొక్కాలు తగిలించు పెట్టెవలె నున్నను, నిజమునకు అది స్తంభము. పాత సామానన్న రోతతో, ఒక్కనాటి యుత్సాహమున, అన్నిటిని పెకలించి పారవేసినవానికి తెల్లవారుసరికి కప్పు దిగియుండుట, గోడలు ఉబ్బియుండుట, గోడవంపునకు సరిగా వంచి చేసిన తలుపు పైనో క్రిందనో సందు విడిచి మూతపడక మొరాయించుట అనుభవమునకు వచ్చును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక యూడుట యనగా నిదియే. కావున తెలిసినవారు ఒకదానిని తీసి, దానికి బదులు నిలిపిన పిమ్మటగాని రెండవదానిపై చేయి వేయరు. అన్నియు తీయక తప్పనపుడు కప్పుక్రింద ఊతకర్రలు నిలిపి, విప్పుటకు ముందే నాలుగైదు చోట్ల నేలకు కప్పునకు నడుమ నెడము కొలిచి గోడమీదనే పెన్సిలుతో వ్రాసి పెట్టుకొందురు. ఆ పెన్సిలు వ్రాత లేకున్న, మరల కట్టునపుడు కప్పు పూర్వమెంత యెత్తుననున్నదో చెప్పు సాక్షి యుండడు.

విప్పుట రివెట్లతో మొదలగును. అలమరలను, కిటికీ చట్రములను పెంకునకు పట్టియుంచునవి వెలుపలినుండి కొట్టిన రివెట్లు. వాటి తలలమీద చిన్న ప్లాస్టిక్ టోపీలుండును. ఏండ్లతరబడి ఎండకు పెళుసెక్కిన ఆ టోపీ గోటితో మీటిన చాలును, చిట్లి రాలిపోవును. తల నడుమనున్న గుంటలో డ్రిల్లు మొన నుంచి మెల్లగా త్రిప్పిన తల తెగి వచ్చును. కాని, పట్టు వదలిన రివెటైనచో డ్రిల్లుతో పాటు తానును గిఱ్ఱున తిరుగుచు తెగదు, అపుడు తొందరపడి బలము చేసినవాడు రంధ్రమును పెద్దది చేసి, క్రొత్త రివెటు నిలువని గతికి తెచ్చుకొనును. ప్రక్కనుండి సన్నని ఉలిమొనతో తలను అదిమిపట్టి, వేగము తగ్గించి, రెండవ చేయి లోపల తోడుండగా తీయవలెను. ఇది ఇద్దరి పని. ఒంటరిగా చేయువారును కలరు గాని, వెలుపలికి లోపలికి వారు చేయు ప్రదక్షిణములకు అంతులేదు.

చెమ్మ

బోలర్ లోపలి గోడలకు ఎన్సొలైట్ అను మెత్తని నురుగుపలక అతికియుండును. మీద వినైలు పొర, వెనుక మూసుకొన్న గాలిబుడగల నురుగు; నీరు పీల్చని, చలిని కొంత ఆపు మంచి పదార్థము. కాలక్రమమున జిగురు వదలి కప్పునుండి తిత్తులవలె వ్రేలాడుటయు, పొగకును వంటనూనెకును పసుపుబారుటయు దాని లోపములు. దానిని చూడగానే చించివేయవలెనను నిశ్చయము చాలమందికి కలుగుచున్నది, నా మటుకు నాకది దుడుకుతనముగా తోచుచున్నది. గట్టిగా నున్నంత మేర దానిని సబ్బునీటితో కడిగి, ఆరిన తరువాత తగిన ప్రైమరు వేసి రంగు పూసికొనవచ్చును. ఊడినచోట జిగురుతో మరల అతికించుకొనవచ్చును. అది పోయినచో, వంపులు తిరిగిన ఆ గోడకు అంత ఒద్దికగా అమరునది మరల దొరకుట కష్టము. బల్లపరుపు పలకలు గుండ్రని గోడకు పట్టించ బోయినవారి పాట్లు చెప్ప నలవి కానివి.

అయినను విప్పి చూడక తప్పని చోట్లున్నవి. కిటికీ క్రింద పలకను మెల్లగా ఎత్తిన, నీరు జారిన జాడ గోధుమరంగు గీతగా దిగి, అడుగున పడక పెట్టె వెనుక నల్లని బూజుగా ముగియుట కనబడును. ఈ నీరంతయు వాననీరని భ్రమింపరాదు. మూసిన బండిలో ఇద్దరు నిద్రించిన వారి ఊపిరినుండియే వెలువడిన ఆవిరి, చల్లని పెంకును తాకి, చినుకులై దిగును. దానికి తోడు, లోపల పొయ్యి వెలిగించిన, ఒక కిలో ప్రొపేన్ వాయువు మండుటవలన సుమారు 1.6 కిలోల నీరు పుట్టును. చలికి జడిసి కిటికీలు బిగించి, వెచ్చదనమునకై పొయ్యి వెలిగించుకొని కూర్చున్న కుటుంబము తెలియకయే గోడలకు నీరు పోయుచున్నదన్నమాట. అందుచేత మెత్తలక్రింద గాలి యాడుటకు రంధ్రములుగల పలక వేయుట, కప్పు గాలితూమును బాగుచేయించుట, ఎన్సొలైట్ కప్పని రివెటు కొనలను లోపలినుండి మూయుట అనునవి, పరదాల రంగుకంటె ముందు ఆలోచింప దగినవి.

నేల సంగతి వేఱు. పెంకు కుళ్లదు గాని నేలలోని ప్లైవుడ్డు కుళ్లును. దబ్బనము తీసికొని వాకిలియొద్ద, నీటితొట్టిక్రింద, మూలలయందు పొడిచి చూడవలెను. టక్కున ఆగిన మంచిది, మెత్తగా దిగిపోయిన ఆ ముక్కను గట్టి చెక్క తగులువరకు కోసి తీసి, మెరైన్ ప్లైవుడ్డు అమర్చి, అంచులకు ఎపాక్సీ పట్టించి మూయవలెను. ఆ సమయముననే బండి క్రిందికి దూరి ఇనుపచట్రము వంపు తిరుగుచోట్ల పగుళ్లున్నవేమో చూచుటయు, ఇరుసులోని రబ్బరు జీవము మిగిలియున్నదో లేదో పరీక్షించుటయు విధి. ఇరుసులోని రబ్బరు పాతికముప్పదియేండ్లకు బిరుసెక్కి పనికిమాలును. క్రింద పగిలిన చట్రముండగా పైన పట్టుమెత్తలు కుట్టించుట వట్టి దండుగ.

పాత రంధ్రములను పూడ్చుట ఈ పని యంతటిలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము. వెనుకటి యజమానులు ఎవరికి తోచినట్లు వారు గోడకు బెజ్జములు పొడిచియుందురు: రేడియో తీగకొకటి, తువాలు కొక్కెమున కొకటి, ఏల పొడిచిరో వారికే తెలియనిది మఱొకటి. రంధ్రము చుట్టును పెంకును గరుకు కాగితముతో ఏటవాలుగా పలుచబరచవలెను. గట్టి పట్టు కావలసిన చోట పెంకు మందమునకు పన్నెండు రెట్ల దూరము వరకు ఈ వాలు సాగవలెనని ఎపాక్సీ పనివారి లెక్క. పిదప రెసిన్ కలిపి, గుండ్రముగా కత్తిరించిన గాజుమ్యాటును దానిమీద పరచి, కుంచెతో అద్దుచుండగా, అంతవరకు దూదివలె తెల్లగానున్న మ్యాటు చూచుచుండగనే కరగినట్లై పారదర్శక మగును; తెల్లని మచ్చ ఎచ్చట మిగిలెనో అచ్చట గాలి చిక్కినదని అర్థము. రోలరుతో ఆ గాలిని అంచునకు తరిమి, దానిపై కొంచెము పెద్ద ముక్క నింకొకటి వేయుదురు. గరుకు పట్టునపుడు లేచు గాజుధూళి చర్మమున దిగిన దురద తీరదు, రెసిన్ ఆవిరి తలనొప్పి తెచ్చును. తగిన మాస్కు, నిండుచేతుల చొక్కా లేక ఈ పనికి దిగరాదు. కిటికీలను మరల బిగించునపుడు బ్యూటైల్ టేపు వాడుట ఉత్తమము. సిలికాను పూసిన చోట తరువాత ఏ జిగురును ఏ రంగును అంటదు. సగము పాత బండ్ల దుస్థితికి వెనుకటివారి సిలికాను గొట్టమే మూలమనిన అతిశయోక్తి కాదు.

తూకము

ఇక అలంకారము. 1970లలో ఈ బండ్లలో ఆకుపచ్చ, ఆవపసుపు, నారింజ గళ్ల బట్టలు రాజ్యమేలినవి. నేడు ఆ రంగులన్నిటిని తుడిచి తెల్లసున్నము వేసినట్లు చేయుట వాడుకయైనది. రుచిభేదమును గూర్చి వాదమేల గాని, బురదకాళ్లతో సరస్సు గట్టునుండి వచ్చు పిల్లలు నివసించు గదికి తెల్లరంగు ఎంచుకొన్నవారి ధైర్యమును మెచ్చుకొనక తప్పదు. రంగుకంటె బరువు ముఖ్యము. వంటయింటి అలవాటు వదలక రాతిపలక దిమ్మయు, పింగాణి టైల్సు నేలయు కోరువారున్నారు. చిన్నకారు లాగగలుగుటయే ఈ బండికి ప్రాణమైనపుడు, చేర్చిన ప్రతి పలకయు ఆ ప్రాణమును తోడివేయును. నేలకు వినైలు పరుపు, అలమరల తలుపులకు పలుచని ప్లైవుడ్డు, మెత్తలకు మంచి నురుగు చాలును. దీపములకు 12 వోల్టుల ఎల్ఇడి బల్బులు వేసికొన్న, పాత బల్బు పీల్చు విద్యుత్తులో స్వల్పభాగముతో అంతే వెలుగు వచ్చును గనుక బ్యాటరీ చిన్నదైనను సరిపోవును.

గ్యాసు గొట్టముల విషయమున మాత్రము పొదుపు పనికిరాదు. ప్రొపేన్ గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. కారిన వాయువు కప్పుమీది తూమునుండి పోక నేలమీద, పడకల మట్టమున, మడుగు కట్టును. కాబట్టి వాయువును పసిగట్టు గంటను నేలకు చేరువనే బిగింపవలెను, అతుకులన్నిటికి సబ్బునీరు పూసి బుడగలు లేచుచున్నవేమో చూడవలెను. కార్బన్ మోనాక్సైడును పసిగట్టు గంట వేఱుగా నుండవలెను. ఈ పరిమాణపు గదిలో ఆ విషవాయువు నిండుటకు ఎంతోసేపు పట్టదు.

పనియంతయు ముగిసిన తరువాత యజమానులు రెండు పరీక్షలు చేయుదురు. మొదటిది, ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చుండగా వేఱొకరు వెలుపల గొట్టముతో కిటికీల క్రిందినుండి పైకి, చిట్టచివర కప్పుమీద, నీరు కొట్టుట. పైనుండి మొదలిడిన నీరు అన్నిచోట్ల దిగి, కారుట ఎక్కడిదో తేలదు. రెండవది కాటా వేయించుట. బండి మొత్తము బరువు నొకసారి, కొక్కెముమీద మోపిన బరువు నొకసారి తూచి, కొక్కెమున పడునది మొత్తమున నూటికి 10 మొదలు 15 పాళ్లు ఉన్నదా యని లెక్క చూతురు. అంతకు తక్కువైనచో బండి తోక బరువెక్కి, వేగము హెచ్చగానే కారును అటునిటు ఊపసాగును; వెనుక బల్లక్రింది డబ్బాలను, పనిముట్లను ముందు పడక క్రిందికి మార్చి, సైకిళ్ల చట్రమును వెనుకనుండి తీసి కారుపైకి ఎక్కించి, మరల తూచవలెను. నీరు లీటరుకు కిలో బరువు గనుక తొట్టె నింపి ఒకతూరి, ఖాళీచేసి ఒకతూరి చూచుకొనుట మేలు.