పల్లెకొచ్చాం... ఆనపపాదు వేశాం!

"ఈ వయసులో పల్లెటూరెందుకమ్మా?" మా అమ్మాయి ఈ మాట ఎన్నిసార్లందో లెక్కలేదు. ముప్పయ్యేళ్లు బళ్లో సైన్సు పాఠాలు చెప్పి నేనూ, ఆఫీసు ఫైళ్లు తిప్పి మావారూ రిటైరయ్యాం. కాకినాడలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, కోనసీమలో మా అత్తవారింటికి చేరి మూడేళ్లయింది.

సుఖాలు చెప్పమంటే ముందు పెరడే చెబుతాను. పొద్దున్నే కళ్లాపి చల్లి తీరిగ్గా ముగ్గేసుకోవచ్చు. బెల్లు మోగుతుందన్న కంగారు లేదు. నూతి పక్కన అరటి, పాక మీదకి పాకిన ఆనపపాదు. కాయ కోస్తే సగం మాకు, సగం పక్కింటికి. వెళ్లిన గిన్నె ఖాళీగా రాదు. పనసపొట్టు కూరో, పులిహోరో వేసుకునే వస్తుంది.

మరి తిప్పలో? బోలెడు! మొదటి వేసవిలో డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి, మజ్జిగ తాగొద్దామని కిందకి దిగాను. మళ్లీ వెళ్లేసరికి వడియాలు పాత చీరతో సహా కోతుల పాలు! ఇంకోసారి కొబ్బరిమట్టల కింద పాము. నా కేకలకి వీధంతా పోగైంది. పాలు పోసే ఆవిడ నవ్వి, "జెర్రిపోతమ్మా! విషముండదు, ఎలకల్ని తింటది. పోనీండి" అంది. సైన్సు టీచర్ని నేనా, తనా?

పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌ది మరో కథ. 2014 నుంచి వేలిముద్రతోనే ఇచ్చే సౌకర్యం ఉంది కదా! కానీ సుద్దముక్కలకీ అంట్లకీ అరిగిన నా వేళ్లని ఆ మెషీను గుర్తుపడితేగా? ఎదురుగా నిలబడ్డా బతికున్నట్టు ఒప్పుకోదే! ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి 2021లో వచ్చింది కాబట్టి, పక్కింటి కుర్రాడు ఫోన్లో ఆ పని చేసిపెట్టాడు.

నవ్వుకోలేనిది ఒక్కటే. కిందటి శ్రావణంలో ఓ రాత్రి, కరెంటు లేదు. మావారు నూతి చప్టా మీద నాచుకి జారి పడ్డారు. లేవలేకపోయారు. మందులు, బ్యాంకు, ఆటో... అన్నీ ఎప్పుడూ ఆయనే చూసుకునేవారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పిల్లలకు క్లాసులో చెప్పిన 108 నంబరే గుర్తురాలేదు! "ఏమైంది పిన్నిగారూ?" అంటూ పక్కింటి కోడలు టార్చితో పరుగెత్తుకొచ్చింది. తనే ఫోన్ చేసింది. వాళ్లాయన ఆసుపత్రిలో తెల్లార్లూ మాతోనే ఉన్నాడు. అదృష్టం, ఎముక విరగలేదు. మూడు వారాలు మంచం మీదే.

ఆ మూడు వారాల్లో ఇల్లు మారింది. చప్టా మీద నాచు గీకించి గరుకు బండలు వేయించాం. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, మంచం పక్కన టార్చి, క్యాలెండర్ పక్కన పెద్దక్షరాలతో ఫోన్ నంబర్లు వచ్చాయి. పాసుపుస్తకాలు ఎక్కడున్నాయో, ఆయన బీపీ మాత్రలేవో ఇప్పుడు నాకు తెలుసు. కుక్కర్లో అన్నం పెట్టడం ఆయనకు తెలుసు! మీరూ పల్లెకి వెళ్దామనుకుంటుంటే, సామాను సర్దేముందే ఈ పనులు చూసుకోండి. పక్కింటివాళ్లతో మాట కలపడం మాత్రం మర్చిపోవద్దు.

మొన్న అమ్మాయి మళ్లీ అంది, "ఇంక వచ్చేయండమ్మా."

"వస్తాంలేవే, సంక్రాంతి వెళ్లాక. వడియాలు కూడా తెస్తా... కోతులు మిగిలిస్తే!"