బడి గేటు దగ్గర గాలిని కొలిచేదెవరు?

ఉదయం ఎనిమిదిన్నరకు సిద్దిపేటలో ఏదైనా స్కూలు గేటు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. ఆటోలు, వ్యాన్లు ఇంజిన్ ఆపకుండానే పిల్లల్ని దించుతుంటాయి. సైలెన్సర్ నుంచి వచ్చే పొగ పెద్దల మోకాళ్ల ఎత్తులో తిరుగుతుంది. యూకేజీ పిల్లాడి ముక్కు అక్కడికి ఎంతో దూరంలో ఉండదు. పైగా పిల్లలు బరువుతో పోలిస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. 'మనదేమన్నా హైదరాబాదా, ఇక్కడ పొల్యూషన్ ఎక్కడిది?' అంటారు చాలామంది. ఆ మాట నిజమో కాదో తేలాలంటే ఎవరో ఒకరు కొలవాలి. డిగ్రీ చదివినవాళ్లకు ఇదొక ఉద్యోగ మార్గం కూడా అని చాలా కాలేజీల్లో చెప్పరు.

ఇలాంటి పరిశోధన మన రాష్ట్రంలోనే జరిగింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ శివార్లలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. అందులో 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారంగా ఉప్మా పెట్టారు. 2003-05లో అప్పటి పిల్లల్ని వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు. ఆ అధ్యయనం ఇప్పుడు ఏపీక్యాప్స్ అనే పేరుతో నడుస్తోంది. తర్వాత బార్సిలోనాకు చెందిన ఐఎస్‌గ్లోబల్ శాస్త్రవేత్తలు ఇక్కడి సంస్థలతో కలిసి అవే ఊళ్లలో గాలిని కొలిచారు. కొందరు గ్రామస్థులు చిన్న కెమెరాలు, గాలిని కొలిచే పరికరాలు ఒంటికి తగిలించుకుని రోజువారీ పనులు చేసుకున్నారు. ఎక్కడున్నప్పుడు, ఏ పని చేస్తున్నప్పుడు ఎంత పొగ పీలుస్తున్నారో అలా తెలిసింది.

2020లో ప్రచురించిన ఫలితాల్లో ఒక అంకె దగ్గర ఆగాలి. 28 గ్రామాల్లో 3,717 మందిని పరిశీలించారు. వాళ్లు పీల్చే బయటి గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. మన దేశ ప్రమాణం 40. అంటే కాగితం మీద ఈ ఊళ్లు పాసే! ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2021లో తన పరిమితిని 5కి తగ్గించింది. ఈ 'పాసైన' ఊళ్లలోనూ గాలిలో ధూళి ఎక్కువున్నచోట ఉండేవారి ఎముకల్లో ఖనిజ సాంద్రత తక్కువగా కనిపించింది. ధూళే కారణమని దీన్నిబట్టి తేల్చేయలేం కానీ, చిన్న ఊరి గాలికి ఢోకా లేదనే మాటను ఇకపై అంత తేలిగ్గా అనలేం.

ఇంతకీ ఈ లెక్కలన్నీ ఎవరు తెచ్చారు? తలుపు తట్టినవాళ్లు. వాళ్లనే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు అంటారు. 'మీరు బయోమాస్ ఇంధనం వాడతారా?' అని అడిగితే ఏ అవ్వా జవాబు చెప్పదు. 'కట్టెల పొయ్యా, గ్యాసా?' అనడిగితే గ్యాసేనంటుంది. అక్కడితో ఫారం నింపేసి లేచేవారున్నారు. ఊరి సంగతి తెలిసినవారు ఇంకో ప్రశ్న వేస్తారు: 'మరి స్నానానికి నీళ్లు దేనిమీద కాగబెడతరు, అవ్వా?' అప్పుడు బయటపడుతుంది పెరట్లోని కట్టెల పొయ్యి. ఈ రెండో ప్రశ్న వేయగలగడమే మీ అర్హత. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాకల్లో పెరిగినవాళ్లకు అది పుట్టుకతోనే వచ్చింది.

స్థానిక విద్యార్థులతో పనవుతుందా అని సందేహమా? 1996 జులైలో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో వీ యాక్ట్ అనే స్థానిక సంఘం, కొలంబియా యూనివర్సిటీ కలిసి నాలుగు కూడళ్లలో ఫుట్‌పాత్ గాలిని కొలిచాయి. స్థానిక కుర్రకారు కూడా శిక్షణ తీసుకుని ఇందులో పాల్గొన్నారు. పీఎం 2.5 అన్నిచోట్లా 37-47 మధ్యే ఉంది. డీజిల్ మసి మాత్రం ఒకచోట 1.5 ఉంటే ఇంకోచోట 6. బస్సులు, లారీలు ఎక్కువ తిరిగే మూల దగ్గరే ఎక్కువ. ఊరంతటికీ ఒకే యంత్రం పెడితే ఈ తేడా కనిపించదు. రాజీవ్ రహదారి పక్కనున్న బడికీ, కోమటి చెరువు వైపున్న బడికీ గాలి ఒకటేనా అన్నది మనమూ అడగాల్సిన ప్రశ్నే.

కొలిస్తే ఏమొస్తుందంటారా? దక్షిణ కాలిఫోర్నియాలో గాలి మెరుగుపడుతున్నకొద్దీ 15 ఏళ్ల పిల్లల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం బాగా తక్కువున్నవారు 7.9 శాతం నుంచి 3.6 శాతానికి తగ్గారని 2015లో తేలింది.

ఇక ఉద్యోగం సంగతి. ఐసీఎంఆర్ సంస్థలు, యూనివర్సిటీలు, ప్రజారోగ్య సంస్థలు ప్రాజెక్టు సిబ్బంది కోసం ప్రకటనలు ఇస్తుంటాయి. వాటి వెబ్‌సైట్లలోనే వెతకండి. లైఫ్ సైన్సెస్, సోషల్ వర్క్, స్టాటిస్టిక్స్, జాగ్రఫీ చదివినవాళ్లకు అవకాశాలుంటాయి. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఇవి చాలావరకు కాంట్రాక్టు కొలువులే. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. అయితే రెండేళ్ల ఫీల్డ్ అనుభవం ఉంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీకి మంచి పునాది పడుతుంది. ఎక్సెల్ బాగా రావాలి. ఫోన్లో సర్వే చేసే కోబో టూల్‌బాక్స్, మ్యాపులకు క్యూజీఐఎస్ ఉచితమే, ఇప్పుడే నేర్చుకోండి. ఇంకో నియమం మరవొద్దు: పిల్లల మీద పరిశోధనకు తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్నీ అడగాలి.

కాలేజీ ప్రాజెక్టుగానే మొదలుపెట్టొచ్చు. చౌక సెన్సర్లు కాంతి చెదిరే తీరును బట్టి ధూళిని లెక్కగడతాయి. తేమ ఎక్కువున్న ఉదయాల్లో రీడింగ్ పెంచి చూపిస్తాయి. కాబట్టి ముందు కొన్నాళ్లు నమ్మకమైన యంత్రం పక్కన పెట్టి సరిచూసుకోవాలి. లేదంటే మీ అంకెల్ని ఎవరూ పట్టించుకోరు. ఫలితాల్ని ముందుగా చూపించాల్సింది ఆ బడి తల్లిదండ్రులకు, ఆటో డ్రైవర్లకు. తడి, పొడి చెత్త వేరుచేసివ్వడం ఇంటింటికీ తిరిగి చెబితే అలవాటు చేసుకున్న ఊరిది. గేటు ముందు ఇంజిన్ ఆపమని అడిగితే వినకుండా ఉంటుందా? వింటుందో లేదో కూడా కొలవొచ్చు, అడగకముందు ఒక వారం, అడిగాక ఒక వారం. చలికాలంలో పొగ పైకి పోకుండా కిందే నిలుస్తుంది, డిసెంబరు అయితే బాగుంటుంది. హెడ్మాస్టర్ అనుమతి మాత్రం దసరా సెలవులకు ముందే అడిగి పెట్టుకోండి.